కాపరి విన్న మనవి

సోమవారం

ఈ ఉదయం కూడా నీళ్ళు వడకట్టే పొరలు కడగలేదు. కడగాలంటే పంపు ఆపాలి. పంపు ఆగితే దాని హోరు ఆగుతుంది. హోరు ఆగితే, విన్నదంతా పెద్దలకి చేరవేసే గోడ మీది కాపరి పెట్టెకి చీమ నడిచినా వినబడుతుంది. అందుకని పంపు నడవనిచ్చాను. నీళ్ళు ఉప్పగా వస్తున్నాయని రెండో తెప్ప మీది ఆడవాళ్ళు అప్పుడే సణగడం మొదలుపెట్టారు. సణగనీ.

నా పేరు హెప్సిబా. తెప్పల మీద తేలే ఊరు మా కొత్త కోరంగి, దాని నీటి కేంద్రంలో సముద్రపు నీళ్ళని తాగే నీళ్ళుగా మార్చే పని నాది. ఆ పొరల వెనకాల, వాడకం మానేసిన వడపోత గదిలో, శనివారం నుంచి నా చెల్లెలు కెజియా దాక్కుని ఉంది. కాపరి వింటుంది గానీ చదవలేదు. అందుకే నోటితో అనలేనివన్నీ ఇక్కడ రాసుకుంటున్నాను. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

కెజియా మొగుడు గిద్యోను. సంఘంలో పాటలు పాడిస్తాడు, గొంతు విప్పితే కళ్ళనీళ్ళు తిరుగుతాయి. ఇంట్లో మాత్రం దాని చెయ్యి విరగ్గొట్టాడు. మొదటిసారి విరిచినప్పుడు కెజియా, కాపురాల తగువులు చూసే ఇంటి గుమ్మం పెద్ద దగ్గరికి వెళ్ళి చెప్పుకుంది. చట్ట ప్రకారం వాళ్ళిద్దర్నీ సమాధాన గదిలో పెట్టి తాళం వేశారు. భార్యాభర్తలు సమాధానపడ్డాం అనేదాకా ఆ తలుపు తెరవరు. అది సమాధానపడ్డానంది. రెండోసారి విరిచినప్పుడు పెద్దల దగ్గరికి పోకుండా పైపుల వంతెన మీదుగా నా దగ్గరికి వచ్చింది.

ఇక్కడ విడాకులు లేవు. మెట్టలో ఉన్నాయి. అక్కడ వేరే ప్రభుత్వం, కోర్టులు, ఎవరి దేవుడు వాళ్ళ ఇంట్లో ఉంటాడు. మెట్టకి వెళ్ళేది ఉప్పు పడవ ఒక్కటే. మునిగిపోయిన పాత ఊళ్ళ ఇళ్ళ కప్పుల మీదుగా అది దాటాలి కాబట్టి పున్నమి పోటుకి తప్ప కదలదు. పున్నమి ఆదివారం. అప్పటిదాకా దీన్ని దాచాలి, అంతే. అంతే అని రాయడం తేలిక.

మంగళవారం

ఉదయం ఆరాధన పాట అయ్యాక కాపరి చక్కటి గొంతుతో చెప్పింది: "తప్పిపోయిన గొర్రె, సోదరి కెజియా. చూసినవారు ప్రేమతో తెలియజేయండి." ప్రతి ఇంట్లో, ప్రతి పడవ మీద, ప్రతి కొట్టులో ఒకేసారి. ప్రేమతో అన్న మాట దగ్గర గొంతు ఇంకాస్త మెత్తబడుతుంది. ఆ మెత్తదనం వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ పెట్టెని మొదట్లో ఎవరూ ఇందుకు పెట్టలేదు. పెద్ద తుఫాను వచ్చి ఒడ్డు మొత్తం సముద్రంలో కలిసినప్పుడు సంఘాలవాళ్ళే జనాన్ని ఒకచోట చేర్చారు. ఫలానా పాకలో పసిబిడ్డకి జ్వరం, ప్రార్థించండి అని ఒకరు మనవి చెప్తే, అది నోటికి నోటికి అందుకుని, కాసేపటికి ఎక్కణ్ణుంచో మందు వచ్చేది. ఆ మనవులు తొందరగా అందాలని కుర్రాళ్ళు ఈ యంత్రం తయారుచేశారు. దానివల్ల ఎంతమంది బతికారో నాకు తెలుసు, మా అమ్మ వాళ్ళలో ఒకతి.

తర్వాత రాజ్యసంఘం వాళ్ళు వచ్చారు. ప్రార్థించేవాళ్ళే పాలించాలి అన్నారు. ప్రభుత్వం పడవ రానప్పుడు గంజి పోసిన చేతులు కదా, జనం ఓట్లు వేశారు. ఇల్లు, బడి, బజారు, పడవ, వార్త, పాట, న్యాయం, ఈ ఏడు గుమ్మాలకీ ఏడుగురు పెద్దల్ని కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఎన్నికల మాట ఎత్తితే, దేవుడు ఎన్నుకున్నవాళ్ళని మళ్ళీ మనం ఎన్నుకోవడమేమిటి అన్నారు. మాకు బాప్తిస్మం ఇచ్చిన ముసలి అయ్యగారు, బలిపీఠం సింహాసనం కాకూడదు నాయనా అని ఒక ఆదివారం గట్టిగా అన్నారు. మరుసటి ఆదివారం ఆయన స్థానంలో వేరే ఆయన నిలబడ్డాడు.

నేను విశ్వాసినే. పొద్దున లేస్తూనే ప్రార్థన చేసుకుంటాను. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, వీళ్ళ మీద నాకు కోపం రావడం చూసి నాకు దేవుడి మీదే కోపం అనుకునేవాళ్ళు మా తెప్ప మీద చాలామంది ఉన్నారు.

నాతోపాటు పనిచేసే నూకరాజుకి కెజియా సంగతి తెలుసు. రాజ్యసంఘానికి కట్టుబడతామని అందరూ చేసే నిబంధనలో అతను చేరలేదు. చేరనివాళ్ళ ఇళ్ళకి ఈ వారం నుంచి నీళ్ళు ఆఖర్న ఇవ్వాలట, ఆర్డరు వచ్చింది. చదివి వినిపిస్తే నవ్వాడు. వాళ్ళ వైపు అక్కని అప్పా అంటారు.

"నీళ్ళు పట్టేది నేను, ఆఖర్న తాగేదీ నేనేనా అప్పా? బాగుందండీ మీ రాజ్యం!"

"నాది కాదు బాబూ ఆ రాజ్యం," అన్నాను.

"మరెవలదో! సూద్దారి." పంపు మీద చెయ్యేసి, హోరు బాగానే ఉందో లేదో చూసుకున్నాడు. "బంగారం నాంటి పిల్లకి ఆ సెయ్యేటప్పా, అలాగ వాసిపోయింది?"

బుధవారం

అమ్మకి తెలిసిపోయింది. తెలియకుండా ఎన్నాళ్ళు దాస్తాను? క్యారేజీలో అన్నం ఎక్కువ పెట్టమంటున్నానని రెండు రోజులుగా ఆటపట్టిస్తోంది. "ఈ వయసులో ఎదుగుతున్నావేమే?" అని. ఇవాళ తనే క్యారేజీ పట్టుకుని నీటి కేంద్రానికి వచ్చేసింది. ఇంట్లో అయితే పెట్టె వింటుంది. ఇక్కడ పంపు పక్కన చెవిలో అరిస్తే తప్ప మనిషికి మనిషి మాట వినబడదు. అందుకే ధైర్యం చేసి వెనక గదికి తీసుకెళ్ళాను.

అమ్మ పేరు దీవెనమ్మ. మా తెప్పల మీద ఆమె చెయ్యి తలమీద పెట్టించుకోని పసివాడు లేడు. ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరి పడవ తిరిగి రాకపోయినా అర్ధరాత్రయినా లేచి వెళ్ళి మోకరిస్తుంది. నిబంధనలో లేనివాళ్ళు కూడా దొంగచాటుగా వచ్చి, మా గురించి ఒక మాట చెప్పమ్మా పైకి, అని అడిగి వెళ్తారు. అలాంటి అమ్మ, కెజియా చేతికట్టు చూసి కూలబడిపోయింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఏం చేసేదానివమ్మా?" అంది కెజియా.

"ప్రార్థన చేసేదాన్ని."

గిద్యోను సంబంధం అమ్మే కుదిర్చింది. అంత బాగా పాడేవాడు చెడ్డవాడెలా అవుతాడు అనుకుంది. ఇవాళ చాలాసేపు చెల్లి జుట్టు దువ్వుతూ కూర్చుంది, తనలో తను ఏదో అనుకుంటూ. వెళ్ళేముందు నేను చేతులు పట్టుకుని చెప్పాను: "అమ్మా, ఎవరితోనూ అనకు. పక్కింటి ఎలీసమ్మత్తతో కూడా అనకు."

"నాకా మాత్రం తెలీదా? మనుషులెవరితోనూ అనను," అంది.

ఆ మాటతో నా మనసు కుదుటపడింది.

గురువారం

ఇంటి గుమ్మం పెద్ద తీతుగారు నీటి కేంద్రానికి వచ్చారు. తెల్ల చొక్కా, నూనె రాసిన జుట్టు, ఎప్పుడూ చిరునవ్వే. మనిషి ఒక్క మాట కూడా పరుషంగా అనరు. నాకు ఆయనంటే భయం అందుకే.

"వందనాలు సిస్టర్. నీళ్ళు ఉప్పగా ఉంటున్నాయని అందరూ బాధపడుతున్నారు."

"పొరలకి గుల్లలు పట్టాయండి. కడుగుతాం."

"రేపు కడిగెయ్యండి. శుక్రవారం ఉపవాస ప్రార్థన, సాయంత్రానికి మంచినీళ్ళతో ఉపవాసం విడుద్దాం." గదంతా ఒకసారి కలియజూశారు. "మీ చెల్లెలి కబురేమైనా తెలిసిందా?"

"లేదండి."

"గిద్యోను బ్రదర్ అన్నం తినడం లేదు. మనమంతా ఒకే కుటుంబం కదా సిస్టర్, ఒక అవయవం బాధపడితే ఒళ్ళంతా బాధపడాలి. సాయానికి మనుషుల్ని పంపమంటారా, పొరలు కడగడానికి?"

"వద్దండి, నూకరాజు ఉన్నాడు," అన్నాను. గొంతు మామూలుగానే వచ్చిందనుకుంటాను. ఆయన వెళ్ళాక చూసుకుంటే చేతిలో తువ్వాలు పిండిన గుడ్డలా మెలితిరిగి ఉంది.

రేపు పంపు ఆపక తప్పదు. కెజియాకి చెప్పాను, పంపు ఆగినంతసేపూ తుమ్మొచ్చినా గుడ్డలు నోట్లో కుక్కుకోమని. అది నవ్వింది. ఈ వారంలో అది నవ్వడం అదే మొదటిసారి.

శుక్రవారం

ఇవాళ్టిది రాయాలని లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం పంపు ఆపాం. ఇన్నాళ్ళ హోరు తర్వాత ఆ నిశ్శబ్దంలో చెవులు గుయ్యిమన్నాయి. నూకరాజు, నేను పొరలు బయటికి లాగి, ఇనప పలకలతో గుల్లలు గీకుతున్నాం, సైగలతోనే మాట్లాడుకుంటూ. పెట్టెలో ఉపవాస ప్రార్థన మనవులు మొదలయ్యాయి. మూడో తెప్ప మీద ఒకామెకి కాన్పు దగ్గరపడిందట. ఒకాయన వల పోయిందట. ప్రతి మనవికీ దూరంగా తెప్పల మీదనుంచి ఆమేన్ అని వినబడుతోంది. ఆ మాట వినడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. నేను కూడా గీకుతూ గీకుతూ లోపల ఆమేన్ అనుకుంటున్నాను.

అప్పుడు కాపరి అంది: "సోదరి దీవెనమ్మ మనవి. తండ్రీ, ఉప్పునీళ్ళ హోరు పక్కన, చీకటి గదిలో, విరిగిన చేత్తో దాక్కుని ఉన్న నా బిడ్డని నీ రెక్కల కింద దాచు. దాన్ని క్షేమంగా దాటించు."

నూకరాజు చేతిలో పలక ఆగిపోయింది. గోడ వెనక ఏ చప్పుడూ లేదు. అది విన్నదని నాకు తెలుసు. గట్టిగా అరిచి దాన్ని పిలవాలనిపించింది, పిలవకూడదు.

దూరంగా తెప్పలన్నీ ఆమేన్ అన్నాయి, ఎప్పటికంటే గట్టిగా. మా అమ్మ మనవి కదా.

"ఈ మనవి విషయంలో సాయపడగలవారు ఇంటి గుమ్మం పెద్దకు తెలియజేయండి," అని కాపరి ముగించింది.

అమ్మ మాట తప్పలేదు. మనుషులెవరితోనూ అనలేదు. బతుకంతా దేవుడితో ఎలా పైకి మాట్లాడిందో అలాగే, ఇంట్లో పెట్టె ముందు, కన్నీళ్ళతో, ఉన్నదున్నట్టు మాట్లాడింది. మా ఇళ్ళలో కష్టమొస్తే నోరు మూసుకునే అలవాటు ఎవరికీ లేదు, పదిమందిలో నిలబడి ప్రార్థనలో పెడతాం. ఇప్పుడు దేవుడి కంటే ముందు వేరేవాళ్ళు వింటున్నారన్నది ఆమె బుర్రకి ఎక్కదు. అదంతా అప్పుడు నాకు తట్టలేదు. అప్పుడైతే అమ్మ గొంతు పట్టుకోవాలన్నంత కోపం వచ్చింది.

సగం కడిగిన పొరలు అలాగే బిగించి పంపు వేశాం. హోరు రాగానే నూకరాజు నా చెవి దగ్గరికి వంగాడు.

"నీళ్ళ పడవలో ట్యాంకు కాళీయే అప్పా. అందులోకి దిగమను. మా తెప్పకి నీళ్ళు ఆఖర్నే కదా, ట్యాంకు కాళీగా ఎళ్తే ఎవలడుగుతారు? అట్నుంచటు ఉప్పు పడవెక్కించేత్తాను. మా బావే సరంగు."

కెజియా బయటికొచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది, బాగున్న చేత్తో. "అమ్మనేమీ అనకక్కా," అంది. ట్యాంకు మూత వేసేటప్పుడు దాని కళ్ళు కనబడ్డాయి. అంతే, పడవ వెళ్ళిపోయింది. పట్టపగలు, అందరూ చూస్తుండగా.

తీతుగారు మనుషుల్ని తీసుకుని వచ్చేసరికి గదిలో చాప, దువ్వెన ఉన్నాయి. నేను పంపు బోల్టులు బిగిస్తూ నిలబడ్డాను. ఆయన ఆ దువ్వెన తీసి చూశారు.

"సిస్టర్, మీరు చెప్పక్కర్లేదు," అన్నారు నా చెవి దగ్గరికి వంగి, మెత్తగా.

శనివారం

ఎందుకు చెప్పక్కర్లేదో ఇవాళ తెలిసింది. పొద్దున్నే మా ఇంటికి వచ్చి, అమ్మ కాళ్ళకి దండం పెట్టి మరీ చెప్పారు తీతుగారు. రేపు ఆరాధనలో అమ్మ లేచి, నా బిడ్డ ఎక్కడుందో చూపించు తండ్రీ అని ప్రార్థన చెయ్యాలట. కెజియాని శిక్షించరట, గిద్యోనుని, దాన్ని ఇద్దర్నీ కూర్చోబెట్టి ప్రేమతో మాట్లాడతారట.

ఆయన తెలివైనవాడు. పెద్దలు అడిగితే చెప్పనివాళ్ళు ఉంటారు. దీవెనమ్మ ఏడుస్తూ అడిగితే కాదనేవాళ్ళు ఈ తెప్పల మీద లేరు. ఉప్పు రేవులో మూటలు మోసేవాళ్ళలో ఎవరో ఒకరు ట్యాంకులోంచి దిగిన ఆడమనిషిని చూసే ఉంటారు. అమ్మ నోటినుంచి ఆ మాట రాగానే, పాపం తల్లి అనుకుంటూ, వాళ్ళంతట వాళ్ళే చెప్తారు. పడవ కదిలేది మధ్యాహ్నం పోటుకి. ఆరాధన ఉదయం.

అమ్మని వంతెన మీదికి తీసుకెళ్ళాను. గాలి బాగా వీస్తోంది, అక్కడ పెట్టె లేదు. కెజియా దొరికిపోతే ఈసారి సమాధాన గదిలోంచి ప్రాణాలతో రాదని చెప్పాను. నిన్న తన మనవి ఏం చేసిందో చెప్పాను. చెల్లి అనొద్దంది గానీ, అన్నాను. అమ్మ మొహం చూడలేకపోయాను.

అమ్మ అడిగింది, "నేను అడిగింది నా తండ్రిని కదే?"

"విన్నది తీతుగారమ్మా."

"అయితే రేపు ఏం చెయ్యమంటావు?"

"దానికి ఒంట్లో బాగాలేదు, ఎటో కొట్టుకుపోయింది, చచ్చిపోయిందేమో అని ఏదో ఒకటి చెప్పు. వెతకడం మానేస్తారు."

"ప్రార్థనలో అబద్ధమా?" అంది. నేను దొంగతనం చెయ్యమన్నట్టు చూసింది. "నా నోట్లోంచి ఇన్నేళ్ళలో ఆయనకి ఒక్క అబద్ధం వెళ్ళలేదమ్మా."

"అయితే లేవకు. జ్వరమని పడుకో."

"అదీ అబద్ధమే కదా."

నాకు ఏడుపొచ్చింది. ఒక అబద్ధం, ఒక్కటే, కడుపున పుట్టినదాని కోసం. ఆ దేవుడైనా క్షమించడా? గట్టిగా అరిచాను కూడా. అమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుని, "అది ఎక్కడుందో నాకు చెప్పకు," అని ఒక్కటే అంది. ఇంటికొచ్చాక పెట్టె ముందు ఎప్పుడూ పైకి చేసే సాయంత్రం ప్రార్థన ఇవాళ చెయ్యలేదు. కాపరి రెండుసార్లు మెత్తగా పిలిచింది, సోదరి దీవెనమ్మా అని. అమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది.

ఆదివారం

సాయంత్రం రాస్తున్నాను. ఆరాధన అయ్యాక పెద్దలు అమ్మని లోపలికి పిలిచారు, ఇంకా పంపలేదు. నీటి కేంద్రం తాళంచెవులు నా దగ్గర్నుంచి తీసేసుకున్నారు. పోటు వచ్చి వెళ్ళింది. ఉప్పు రేవు వైపు వెళ్ళనివ్వడం లేదు, పడవ దాటిందో లేదో నాకు తెలియదు. నూకరాజు కనబడితే తెలుస్తుంది. కనబడలేదు. భయంగా ఉంది. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను.

ఆరాధన మందిరం కిక్కిరిసిపోయింది. ముందు వరసలో గిద్యోను తల దించుకుని కూర్చున్నాడు. పాట అయ్యాక తీతుగారు మైకు తెచ్చి అమ్మ చేతికి స్వయంగా ఇచ్చారు.

"అమ్మా, బిడ్డ కోసం తల్లి చేసే ప్రార్థన దేవుడు కాదనడు. అడగండి. మేమంతా మీతో ఉన్నాం."

అమ్మ లేచింది. కొంగు తలమీదికి లాక్కుంది. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు, నేను తప్ప. గోడ మీద పెట్టెలో నీలం దీపం వెలిగింది. నేను చెప్పమన్న అబద్ధం చెప్తుందేమోనని చూశాను. చెప్పదని తెలుసు. చెప్పకపోతే నా చెల్లెలు పోయినట్టే.

"తండ్రీ," అంది అమ్మ. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"తండ్రీ, నా బిడ్డ ఎక్కడుందో నీకు తెలుసు. దాని చెయ్యి ఎవరు విరిచారో కూడా నీకు తెలుసు. నువ్వు చూశావు."

ముందు వరసలో గిద్యోను కదిలాడు. తీతుగారి చిరునవ్వు అలాగే ఉంది, కళ్ళు మూసే ఉన్నాయి.

"వీళ్ళు అడగమన్నారు. నేను నిన్నొకటే అడుగుతున్నాను తండ్రీ. వీళ్ళకి చెప్పకు. నోరు ఆగనిదాన్ని, నాకూ చెప్పకు. ఆమేన్."

పుట్టినప్పటి నుంచీ నాలిక మీదున్న మాట కదా, ఏమన్నదో ఎవరూ ఆలోచించుకునేలోపే మందిరమంతా ఒక్క గొంతుతో ఆమేన్ అంది. తీతుగారు కూడా అన్నారు.